గొలుసు పట్టినవాడు

రాత్రి పదకొండున్నరకి బాపు వీడియో కాల్ చేశాడు. అక్కడ పొద్దున తొమ్మిది. వెనకాల వేపచెట్టు, దాని కింద స్కూటర్.

"తిన్నవారా?"

"తిన్న బాపూ."

"నిన్న మళ్ల ఆఫీసుకు పోయిన. ఇంకా పెండింగే అంటున్నరు."

ఇది మా ఇంట్లో ఏళ్ల తరబడి నడుస్తున్న సీరియల్. తాత ఎప్పుడో మూడెకరాల పది గుంటలు కొన్నాడు. రిజిస్ట్రేషన్ లేదు. తెల్లకాగితం మీద రాసుకున్నారు, ఇద్దరు సాక్షులు వేలిముద్రలు వేశారు, అంతే. సాదా బైనామా అంటాం కదా, అదే. పాత పహాణీలో పట్టాదారు కాలమ్‌లో అమ్మినాయన పేరుంటుంది, అనుభవదారు కాలమ్‌లో తాత పేరుంటుంది. కొత్త రికార్డు వచ్చాక తాత పేరు ఎక్కడా లేదు. దున్నేది మేమే, పంట మాదే, కాగితం మాత్రం మాది కాదు.

"గెట్టు మీద నిలబడ్డోనికి తెల్వదా భూమి ఎవలదో?" అన్నాడు బాపు. ప్రతిసారీ అదే మాట. నేను ప్రతిసారీ "చూద్దాం బాపూ" అంటాను. ఏం చూస్తానో నాకే తెలీదు.

తమాషా ఏంటంటే, నా ఉద్యోగమే భూమి గీతలు గీయడం. అంటే పొలంలో కాదు, స్క్రీన్ మీద. శాటిలైట్ ఫొటోల మీద ప్లాట్ల హద్దులు గుర్తించి, ఒక్కోదాన్నీ పాలిగాన్‌గా మార్చి, దానికి ఓనర్ పేరు తగిలించే సాఫ్ట్‌వేర్ మీద పని చేస్తాను. ఆ పని మీదే ఆరు నెలలు పిట్స్‌బర్గ్ వెళ్లాను. అక్కడ ఉన్నప్పుడే నాకు విలియం క్రాఫర్డ్ పరిచయమయ్యాడు. చనిపోయి 240 ఏళ్లు దాటిన మనిషి. సర్వేయరు, సైనికుడు. ఇప్పటికీ నన్ను వదలట్లేదు.

గుడి నుంచి మొదలైంది

పిట్స్‌బర్గ్‌లో ఉన్న తెలుగువాళ్లకి వీకెండ్ అంటే పెన్ హిల్స్‌లోని వేంకటేశ్వరస్వామి గుడి. కొండవాలు మీద తెల్లటి గోపురం, పులిహోర, ఫ్రీ పార్కింగ్. ఒక శనివారం ప్రసాదం తింటుంటే, అక్కడే చాలా ఏళ్లుగా ఉంటున్న ఒక పెద్దాయన పక్కన కూర్చున్నారు. ఏం పని చేస్తావు బాబూ అని అడిగితే చెప్పాను.

"అయితే నువ్వు సరైన ఊరికే వచ్చావు. ఇక్కణ్నుంచి కొద్ది మైళ్ల దూరంలో బ్రాడక్ అని ఒక ఊరుంది. 1755లో అక్కడ పెద్ద యుద్ధం జరిగింది. జార్జ్ వాషింగ్టన్ అందులో ఉన్నాడు. ఆయన మొదట చేసిన ఉద్యోగం ఏంటో తెలుసా? భూముల సర్వే" అన్నారు.

నాకు తెలీదు. వాషింగ్టన్ అంటే డాలర్ నోటు మీద బొమ్మ, అంతవరకే. ఆ రాత్రి ఫోన్‌లో వెతుకుతూ పోతే వాషింగ్టన్ పక్కన మళ్లీ మళ్లీ ఒక పేరు కనబడింది. క్రాఫర్డ్. మర్నాటి ఆదివారం కారు తీసుకుని గంటసేపు ఆగ్నేయంగా వెళ్తే కనెల్స్‌విల్ అనే చిన్న ఊరొచ్చింది. యాకగేనీ నది ఒడ్డున, సైకిల్ ట్రాక్ పక్కన ఒక చెక్క ఇల్లు. క్రాఫర్డ్ ఇంటికి నమూనాగా కట్టింది. ఒకటే గది. మా ఊళ్లో తాత కట్టిన పశువుల కొట్టం దీనికంటే పెద్దది.

1766లో భార్య హానాని, ముగ్గురు పిల్లల్ని తీసుకుని ఆయన ఇక్కడ కాపురం పెట్టాడు. అప్పటికి ఇది తెల్లవాళ్ల ప్రపంచానికి చివరి అంచు. ఇంకా చెప్పాలంటే, అంచుకి అవతల. ఆ సంగతికి వస్తాను.

పదిహేడేళ్ల గురువు

క్రాఫర్డ్ వర్జీనియాలో పుట్టిన మామూలు రైతుబిడ్డ. 1749 ప్రాంతంలో వాషింగ్టన్‌తో పరిచయమైంది. వాషింగ్టన్‌కి అప్పుడు పదిహేడేళ్లు, క్రాఫర్డ్ అతనికంటే పెద్దవాడు. కానీ పని తెలిసింది చిన్నవాడికి. అతని వెంట అడవుల్లో తిరుగుతూ క్రాఫర్డ్ సర్వే నేర్చుకున్నాడు. మన ఆఫీసుల్లో ముప్ఫయ్యేళ్లాయన ఫ్రెషర్ పక్కన కూర్చుని కొత్త టూల్ నేర్చుకున్నట్టు అన్నమాట. తేడా ఏంటంటే, ఈ పరిచయం ముప్ఫయ్యేళ్లకి పైగా సాగింది.

ఆ రోజుల్లో సర్వే అంటే ఏంటి? ఒక దిక్సూచి, ఒక ఇనుప గొలుసు, గొలుసుకి చెరో కొసా పట్టుకునే ఇద్దరు మనుషులు, చెట్లకి గొడ్డలితో గాట్లు పెట్టడానికి ఇంకొకడు. నది ఒడ్డున ఉన్న ఫలానా తెల్ల ఓక్ చెట్టు దగ్గర మొదలుపెట్టి, ఇన్ని డిగ్రీలు తూర్పుకి, ఇన్ని పోల్‌లు నడిచి, ఫలానా హికరీ చెట్టు దగ్గర మలుపు తిరిగి, మళ్లీ మొదటి చెట్టు దగ్గరికి రావడం. పోల్ అంటే పదహారున్నర అడుగులు. దారంతా వాగులు, పొదలు. చెట్టు పడిపోతే హద్దు పోయినట్టే.

ఈ కొలతలు చదువుతుంటే ఒక చోట ఆగిపోయాను. ఎడ్మండ్ గంటర్ అనే ఇంగ్లిష్ గణితవేత్త 1620లో ప్రచారంలోకి తెచ్చిన గొలుసు 66 అడుగులు. నాలుగు పోల్‌లన్నమాట. ఎగుడుదిగుడు నేలల్లో అంత పొడుగు లాగలేక అమెరికా సర్వేయర్లు సగం గొలుసు వాడేవాళ్లు. 33 అడుగులు. 33ని 33తో గుణించండి. 1,089 చదరపు అడుగులు. మన గుంట! అలాంటివి నలభై అయితే ఎకరం. బాపు నోట్లో రోజూ నలిగే గుంటకీ, క్రాఫర్డ్ చేతిలోని గొలుసుకీ లెక్క ఒకటే. ఎకరమనే ఇంగ్లిష్ కొలత మీదే రెండు చోట్లా పని నడిచింది కాబట్టి.

అక్కణ్నుంచి అది నాకు పరాయి కథ అనిపించలేదు.

వేట నెపంతో

1754లో ఫ్రెంచివాళ్లతో యుద్ధం మొదలైంది. ఒహాయో నది లోయ ఎవరిది అనేదే గొడవ. క్రాఫర్డ్ సైన్యంలో చేరాడు. 1755లో జనరల్ బ్రాడక్ దండయాత్రకి ఎన్‌సైన్ హోదాలో వెళ్లాడు. గుడి దగ్గర పెద్దాయన చెప్పిన యుద్ధం అదే. బ్రిటిష్ సేనలో సగానికి పైగా చనిపోవడమో గాయపడటమో జరిగింది. 1758లో జనరల్ ఫోర్బ్స్ సేన మళ్లీ వచ్చింది, అందులోనూ క్రాఫర్డ్ ఉన్నాడు. ఫ్రెంచివాళ్లు తమ కోటని తామే తగలబెట్టి వెళ్లిపోయారు. ఆ చోటే పిట్స్‌బర్గ్ అయింది.

యుద్ధం గెలిచాక 1763లో ఇంగ్లండ్ రాజు ఒక ప్రకటన చేశాడు. అపలేచియన్ కొండలకి పడమర ఉన్న భూమి అక్కడి ఆదివాసీ జాతులది, తెల్లవాళ్లెవరూ అక్కడ స్థిరపడకూడదు, సర్వే చేయకూడదు అని. క్రాఫర్డ్ ఇల్లు ఆ గీతకి పడమరన ఉంది.

1767 సెప్టెంబర్‌లో వాషింగ్టన్ క్రాఫర్డ్‌కి ఒక ఉత్తరం రాశాడు. దాని సారాంశం ఇదీ. రాజుగారి నిషేధం ఆదివాసీలని ఊరుకోబెట్టడానికి వేసిన తాత్కాలిక ఎత్తు, కొన్నేళ్లలో పోతుంది. అప్పటిదాకా ఆగినవాడికి మంచి భూమి దొరకదు. నువ్వు తిరిగి మంచి నేలలు చూసి గుర్తు పెట్టు, సర్వే ఖర్చులు, పట్టా ఖర్చులు నేను చూసుకుంటాను. సంగతి బయటికి పొక్కకూడదు. ఎవరైనా అడిగితే వేటకి తిరుగుతున్నట్టు కనబడాలి.

ఈ ఉత్తరం చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, తర్వాత చిరాకేసింది. మన ఊళ్ల పక్కన రింగ్‌రోడ్డు వస్తుందని ముందే తెలిసినవాళ్లు చేసేది ఇదే కదా. దేశపిత అయితే ఏంటి.

క్రాఫర్డ్ ఒప్పుకున్నాడు. 1770 అక్టోబర్‌లో వాషింగ్టన్ స్వయంగా వచ్చాడు. ఇద్దరూ ఒహాయో నదిలో పడవల మీద దిగువకి, గ్రేట్ కనావా నది దాకా వెళ్లారు. 1754లో సైన్యంలో చేరినవాళ్లకి ఇస్తామన్న రెండు లక్షల ఎకరాలకి నేల వెతకడం వాళ్ల పని. ఒక చోట ఒక సైకమోర్ చెట్టు చుట్టుకొలత 45 అడుగుల దాకా వచ్చిందని వాషింగ్టన్ డైరీలో రాసుకున్నాడు. తర్వాత గొలుసు లాగి, కొలిచి, కాగితాలు చేసింది క్రాఫర్డ్.

తలుపుకి అడ్డంగా ఇల్లు

పిట్స్‌బర్గ్‌కి నైరుతిలో మిల్లర్స్ రన్ అనే వాగుంది. దాని పక్కన వాషింగ్టన్ కోసం క్రాఫర్డ్ 1771లో 2,813 ఎకరాలు కొలిచాడు. స్వాధీనం చూపించడానికి చిన్న చెక్క ఇల్లు కట్టి, కాపలాకి జీతం మీద ఒక మనిషిని పెట్టాడు. మనవాళ్లు ప్లాటు కొని చుట్టూ కడీలు పాతి, ఒక రేకుల గది వేసినట్టు.

అయినా నిలవలేదు. క్రాఫర్డ్ వెనక్కి తిరగగానే ఎవరో ఒకరు వచ్చి గుడిసె వేసేవాళ్లు. ఒకసారైతే కాపలా మనిషి లోపలికి పోకుండా, సరిగ్గా ఆ ఇంటి తలుపుకి ఆనుకుని ఇంకో ఇల్లు కట్టేశారు! క్రాఫర్డ్ విసుగొచ్చి వాషింగ్టన్‌కి ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం గురించి చదువుతుంటే మా ఊరి గెట్టు పంచాయితీలన్నీ కళ్ల ముందు తిరిగాయి.

వచ్చినవాళ్లూ ఊరికే వచ్చినవాళ్లు కాదు. స్కాట్లండ్, ఐర్లండ్ మూలాలున్న పేద రైతులు. చెట్లు కొట్టి, నేల చదును చేసి, మొక్కజొన్న వేసుకున్నారు. ఆ సరిహద్దుల్లో టొమాహాక్ హక్కు అని ఒక ఆనవాయితీ ఉండేది. ఊట దగ్గర నాలుగు చెట్లకి గొడ్డలితో బెరడు చెక్కి తన పేరు అక్షరాలు పెడితే ఆ నేల తనదని లెక్క. కోర్టులో నిలవదు. కానీ జనం నమ్మేవాళ్లు, కొనేవాళ్లు, అమ్మేవాళ్లు.

సాదా బైనామా! నాకు వెంటనే అదే గుర్తొచ్చింది. కోర్టు ఒప్పుకోని, ఊరు ఒప్పుకున్న కాగితం.

1784లో వాషింగ్టన్ వచ్చి, ఖాళీ చేయండి లేదా కొనుక్కోండి, కౌలు కట్టండి అన్నాడు. వాళ్లు కుదరదన్నారు. మేం వచ్చింది 1773లో, నీకు పట్టా వచ్చింది 1774లో అని వాదించారు. కేసు నడిచింది. 1786లో వాషింగ్టన్ గెలిచాడు. అప్పటికి క్రాఫర్డ్ లేడు. ఆయన గీసిన గీత మాత్రం ఉంది, అదే కేసు గెలిపించింది.

ఇక్కడిదాకా చదివినప్పుడు నేను పూర్తిగా ఆ రైతుల పక్షం. ఎందుకుండను? వాళ్లలో నాకు తాత కనబడ్డాడు. వాషింగ్టన్‌లో పట్టా ఉన్నాయన, క్రాఫర్డ్‌లో ఆయన మనిషి. ఆ రాత్రి బాపుకి ఫోన్ చేసి ఈ కథంతా చెప్పాను. "మరి ఆ రైతులేమైండ్రు?" అని అడిగాడు. చాలామంది వదిలి వెళ్లిపోయారని చెప్పాను. బాపు కాసేపు ఏమీ మాట్లాడలేదు.

మూడోవాళ్లు

కానీ ఈ గొడవలో ఒక పెద్ద ఖాళీ ఉందని నాకు వారం తర్వాతగానీ తట్టలేదు. వాషింగ్టన్ కాగితం చూపించాడు. రైతులు చేను చూపించారు. ఇద్దరికంటే ముందు అక్కడ ఉన్నవాళ్లేరీ?

ఆ లోయలో లెనాపే వాళ్లుండేవాళ్లు. తెల్లవాళ్లు డెలావేర్లు అని పిలిచారు. షానీలు, మింగోలు కూడా. లెనాపేలకి ఇది సొంత నేల కూడా కాదు, తరిమితే వచ్చిన చోటు. వాళ్ల అసలు నేల తూర్పున డెలావేర్ నది పక్కన. 1737లో అక్కడ పెన్ కుటుంబం వాళ్లు ఒక పాత దస్తావేజు బయటికి తీశారు. ఒకటిన్నర రోజులో మనిషి ఎంత దూరం నడిస్తే అంత నేల మాది అని అందులో ఉందన్నారు. లెనాపేలు మామూలు నడక అనుకున్నారు. పెన్ వాళ్లు ముందే దారి చదును చేయించి, బాగా పరిగెత్తే ముగ్గురిని పెట్టారు. చివరిదాకా నిలిచినవాడు 65 మైళ్ల దాకా వెళ్లాడు. దాన్నిబట్టి దాదాపు 12 లక్షల ఎకరాలు పోయాయి. లెనాపేలు పడమరకి, ఒహాయో వైపు కదిలారు. అక్కడికీ ఇప్పుడు గొలుసు వచ్చింది.

1768లో ఫోర్ట్ స్టాన్‌విక్స్ దగ్గర ఇంకో ఒప్పందం. ఒహాయో నదికి దక్షిణాన ఉన్న భూమిని ఇరక్వా జాతుల కూటమి బ్రిటిష్ వాళ్లకి అమ్మింది. అక్కడ బతుకుతున్న, వేటాడుకుంటున్న లెనాపేల, షానీల ఒప్పుదల ఎవరూ తీసుకోలేదు. మన పహాణీ భాషలో చెప్పాలంటే, అనుభవదారుని అడక్కుండా ఎవరో పట్టాదారునని సంతకం పెట్టారు.

క్రాఫర్డ్ కొలిచిన నేలల వెనక ఉన్న కాగితాల కథ ఇదీ. కొలిచేటప్పుడు ఆయన దిక్సూచి అబద్ధం చెప్పలేదు. గొలుసు అబద్ధం చెప్పలేదు. డిగ్రీలన్నీ కరెక్టే అయ్యుండొచ్చు. మనం కోడ్ గురించి అంటాం కదా, లాజిక్ కరెక్టే, ఇన్‌పుట్టే తప్పు అని.

సైనికుడు

ఆయన్ని కేవలం కొలిచే మనిషిగా చూద్దామంటే కుదరదు. 1774లో వర్జీనియా గవర్నర్ డన్‌మోర్ షానీల మీద యుద్ధానికి దిగినప్పుడు క్రాఫర్డ్ మేజర్. ఇప్పటి కొలంబస్ నగరం ఉన్నచోట ఒక మింగో ఊరిని ఆయన దళం నాశనం చేసింది. ఆ నేల పెన్సిల్వేనియాదా వర్జీనియాదా అనే తగువు కూడా అప్పుడే ముదిరింది. క్రాఫర్డ్ పెన్సిల్వేనియాలో జడ్జి పదవిలో ఉంటూ వర్జీనియా వైపు పనిచేసినందుకు ఆ పదవి పోయింది. తర్వాత స్వాతంత్ర్య యుద్ధంలో కల్నల్‌గా వాషింగ్టన్ సేనలో పోరాడాడు.

1778 ఫిబ్రవరిలో జనరల్ హ్యాండ్ అనే ఆయన నడిపిన దాడిలోనూ క్రాఫర్డ్ ఉన్నాడు. బ్రిటిష్ సామగ్రి పట్టుకుందామని వెళ్లారు. దొరికింది కొద్దిమంది లెనాపే ఆడవాళ్లు, ఒక అబ్బాయి, ఒకరిద్దరు మగవాళ్లు. చనిపోయినవాళ్లలో లెనాపే నాయకుడు హోపోకాన్ సోదరుడు ఒకడు. ఇంగ్లిష్ వాళ్లు హోపోకాన్‌ని కెప్టెన్ పైప్ అనేవాళ్లు. ఈ పేరు గుర్తు పెట్టుకోండి.

1782 మార్చి 8న ఇంకా ఘోరం జరిగింది. నాడెన్‌హుటెన్ అనే ఊళ్లో క్రైస్తవం తీసుకున్న లెనాపేలుండేవాళ్లు. ఆయుధం పట్టమని ఒట్టేసుకున్నవాళ్లు. ముందు ఏడాది అక్కణ్నుంచి వెళ్లగొడితే, ఆకలికి తట్టుకోలేక చేలల్లో మిగిలిన మొక్కజొన్న ఏరుకోవడానికి తిరిగొచ్చారు. డేవిడ్ విలియమ్సన్ నడిపిన పెన్సిల్వేనియా దళం వాళ్లని పట్టుకుంది. ఏం చేద్దామని ఓటింగ్ పెట్టుకుంది. ఆ రాత్రంతా వాళ్లు ప్రార్థనలు చేసుకున్నారు. తెల్లారాక 96 మందిని చంపేశారు. అందులో 39 మంది పిల్లలు.

క్రాఫర్డ్ అక్కడ లేడు. అప్పటికే రిటైరై ఇంటి దగ్గరున్నాడు.

ఐదు ఓట్లు

రెండు నెలల తర్వాత, మే నెలలో, ఇంకో దండయాత్ర బయల్దేరింది. ఈసారి శాండస్కీ నది మీదున్న ఊళ్లకి. దాదాపు ఐదొందల మంది వాలంటీర్లు, గుర్రాల మీద. నాయకుణ్ని ఓట్లేసి ఎన్నుకున్నారు. పోటీలో ఒకరు విలియమ్సన్, ఇంకొకరు క్రాఫర్డ్. అనుభవజ్ఞుడు కాబట్టి రమ్మని అడిగారు. ఆయన కొడుకు, అల్లుడు, అన్నదమ్ముల కొడుకు కూడా వెళ్తున్నారు. బయల్దేరే ముందు వీలునామా రాసి పెట్టాడు. 230 ఓట్లు విలియమ్సన్‌కి, 235 క్రాఫర్డ్‌కి. ఐదు ఓట్ల తేడా.

జూన్ 4న యుద్ధం మొదలైంది. మర్నాడు అవతలివాళ్లకి షానీలు తోడయ్యారు. చీకటి పడ్డాక వెనక్కి మళ్లారు, ఆ వెనుదిరగడం చెల్లాచెదురైంది. ఆ గందరగోళంలో క్రాఫర్డ్ ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తూ కొడుకుని, అల్లుణ్ని, ఆ పిల్లాణ్ని వెతికాడు. వాళ్లు దొరకలేదు. సేన వెళ్లిపోయింది. జూన్ 7న లెనాపేలకి దొరికిపోయాడు.

విచారణ జరిగింది. నాడెన్‌హుటెన్‌లో నేను లేను అన్నాడు. నిజమే. కానీ విలియమ్సన్ ఆ దండయాత్రలో ఆయన కింది అధికారి, ఆ దళంలో నాడెన్‌హుటెన్‌కి వెళ్లొచ్చినవాళ్లున్నారు. తర్వాత 1778 నాటి దాడి సంగతి బయటికొచ్చింది. ఎదురుగా ఉన్నది హోపోకాన్. జూన్ 11న క్రాఫర్డ్‌ని సజీవంగా కాల్చేశారు. అల్లుణ్ని, అన్నదమ్ముల కొడుకునీ షానీలు చంపేశారు. కొడుకు జాన్ మాత్రం ఇంటికి చేరాడు. తండ్రి వెతుకుతూ ఆగిపోయింది వాడి కోసం కూడా.

క్రాఫర్డ్‌తో పాటు పట్టుబడిన డాక్టర్ నైట్ తప్పించుకుని వచ్చి జరిగింది చెప్పాడు. 1783లో దాన్ని అచ్చేసినాయన హ్యూ హెన్రీ బ్రాకెన్‌రిడ్జ్. ఆదివాసీలకి భూమి మీద హక్కే లేదన్న వాదన దానికి తగిలించాడు. కొన్నేళ్లకి మిల్లర్స్ రన్ రైతుల తరఫున వాషింగ్టన్‌కి ఎదురు వాదించిన లాయరు కూడా ఈయనే! నేను పక్షం వహించిన రైతుల లాయరు. అంటే పేదవాడి టొమాహాక్ హక్కు కోసం కొట్లాడిన మనిషికి, ఆ పేదవాడికంటే ముందున్నవాడి హక్కు అసలు కనబడలేదు.

ఇది చదివాక ల్యాప్‌టాప్ మూసేశాను. క్రాఫర్డ్‌కి జరిగింది న్యాయం అని నేను అనలేను. అలా ఏ మనిషీ చావకూడదు. కానీ, నేను అక్కడ లేను అన్న మాట నన్ను వదల్లేదు. నాడెన్‌హుటెన్ వరకు అది నిజం. అంతకుముందు ఎన్నో ఏళ్లు గొలుసు పట్టుకుని ఆయన అక్కడే ఉన్నాడు కదా.

టికెట్

మా ప్రాజెక్టులో ఒక టికెట్ ఉంది. సోర్సు డేటాలో ఓనర్ పేరుతో పాటు, నేల మీద నిజంగా ఎవరుంటున్నారు, ఎవరు సాగు చేస్తున్నారు అనే కాలమ్ వస్తుంది. చెత్తగా వస్తుంది. పేర్ల స్పెల్లింగులు తేడా, సగం ఖాళీలు, ఒక్కో చోట నాలుగు పేర్లు. దాన్ని శుభ్రం చేసే పని నాకిచ్చారు. రెండు రోజులు చూసి, ఈ ఫీల్డ్ అవసరం లేదు, తీసేద్దాం అని రాసింది నేనే. లీడ్ ఓకే అన్నాడు. టికెట్ క్లోజ్. మ్యాప్ చాలా నీట్‌గా వచ్చింది. ఒక పాలిగాన్, ఒక పేరు.

మా తాత పేరు పోయింది కూడా ఇలాగే. ఎక్కడో ఎవరో ఒక కాలమ్ చూసి, ఇది గందరగోళంగా ఉంది అనుకుని ఉంటారు. అతను చెడ్డవాడు కానక్కర్లేదు. డెడ్‌లైన్ ఉండుంటుంది.

సోమవారం ఆ టికెట్ మళ్లీ ఓపెన్ చేశాను. ఆ ఫీల్డ్ ఎందుకుండాలో అర పేజీ రాశాను. మీటింగులో లీడ్ కొంచెం విసుక్కున్నాడు. తర్వాతి రిలీజ్‌లో చూద్దాం అన్నాడు. నేను బాపుతో అనే "చూద్దాం" లాగే వినబడింది. ఇంకా ఏమీ తేలలేదు. వారానికోసారి గుర్తు చేస్తున్నాను.

ఇంకో ప్రశ్న మిగిలింది. అది ఆఫీసుది కాదు, ఇంటిది. ఇండియా వచ్చాక ఒక సాయంత్రం చేను దగ్గర బాపుతో గెట్టు మీద కూర్చుని అడిగాను.

"బాపూ, తాత కొనకముందు ఈ భూమి ఎవరు దున్నేటోళ్లు?"

బాపు నావైపు చూశాడు. తర్వాత చింతచెట్టు వైపు చూశాడు. నా చిన్నప్పుడు ఆ చెట్టు కిందకి ఒక ముసలవ్వ వచ్చి కూర్చునేది. చింతపండు ఏరుకోవడానికి వస్తుందనుకునేవాణ్ని.

"ఆ అవ్వ వాళ్ల నాయిన చేసేటోడు. పాలుకు. పట్టా ఆయన అమ్మినప్పుడు వాళ్లకేం చెప్పలే. చేతులకెళ్లి పోయింది."

"తాత అడగలేదా వాళ్లని?"

"ఎందుకడుగుతడు? కాగితం ఆయన దగ్గర లేకపాయె."

కొంచెంసేపు ఇద్దరం ఊరుకున్నాం. మా భూమి మాకు రావాలి, అందులో నాకు అనుమానం లేదు. రేపు మళ్లీ ఆఫీసుకి నేనే వెళ్తాను, బాపుని పంపను. కానీ బాపు రోజూ అనే మాట, గెట్టు మీద నిలబడ్డోనికి తెల్వదా అన్నది, ఆ అవ్వ కూడా ఈ చెట్టు కింద కూర్చుని అనుకుని ఉంటుంది.

"వాళ్లు ఇప్పుడు ఎక్కడున్నరు బాపూ?"

"అవ్వ పోయింది. పిల్లలు పట్నంల ఉన్నరట. ఎందుకు?"

"ఊకెనే. పేర్లు తెల్సా?"

బాపు ఆలోచించి ఒక్కో పేరూ చెప్పాడు. ఫోన్ తీసి నోట్స్‌లో రాసుకున్నాను. వాటితో ఏం చేయాలో ఇంకా తెలీదు. ముందైతే రాసి పెట్టుకున్నాను.